తదియ నుంచి తదియకి

మీ ఆఫీసుల్లో రోజూ పొద్దున్నే స్టాండప్ అని ఒక మీటింగు జరుగుతుంది కదా. మా మేనకోడలు దాన్ని మంచం మీద దిండుకి ఆనుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కెమెరా ఆపేసి చేస్తుంది. "నిలబడి చేస్తారనే కదే దానికా పేరు?" అన్నాను మొన్న. "అబ్బా, అదంతా ఫార్మాలిటీ అత్తా" అంది. నా నోరు ఊరుకోదు. "ఫార్మాలిటీ అయితే మానెయ్యండి, పనయితే లేచి నిలబడండి" అన్నాను. అది మైకు ఆపడం మరిచిపోయిందట. నా మాట బెంగుళూరులో ఉన్న వాళ్ల మేనేజరు దాకా వెళ్లింది. మంచిదే, వెళ్లనీ.

ఇది అలాంటి పిల్లల కోసం రాస్తున్నాను. నేను నడిపిన ప్రాజెక్టుల్లో సవ్యంగా ముగిసినవి చాలా ఉన్నాయి. వాటిని బయోడేటాలో రాసుకున్నాను. ఇది అందులో రాయనిది.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది. హైదరాబాదులోని ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీ రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక మేడ మీద చిన్న బ్రాంచి తెరిచింది. మొత్తం ఆరుగురం. నేను టీం లీడర్ని. మాది కొవ్వూరు. పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటితే ఆఫీసు, సాయంత్రం మళ్లీ దాటితే ఇల్లు. రోజుకి రెండుసార్లు గోదావరిని చూసే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది? బ్రాంచి తెరిచిన రోజునే హైదరాబాదు పెద్దలు ఒక షరతు పెట్టారు. ఏడాది చూస్తారట. ఇక్కడి మనిషికి, ఇక్కడి అవసరానికి ఒక్క ప్రాజెక్టు చేసి నిలబెడితే బ్రాంచి ఉంటుంది. లేకపోతే తాళం వేసి అందరూ హైదరాబాదు బయల్దేరాలి.

మాకు దొరికిన మనిషి భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఆసామి. ఒకటీ రెండూ కాదు, ముప్ఫై చెరువులు. ఏ చెరువులో రొయ్య వయసెంత, బరువెంత అన్నది చూసి, ఆ రోజు ఏ పూట ఎంత మేత వెయ్యాలో కంప్యూటరు లెక్కగట్టి కాగితం తియ్యాలి. గట్టు మీద మనుషులు ఆ కాగితం చూసి మేత వెయ్యాలి. వినడానికి ఇంతే. ఇది నిలబడితే భీమవరం చుట్టుపక్కల చెరువులన్నీ మావేనని నేను అప్పుడే కలలు కన్నాను.

అదే సమయానికి కంపెనీ నన్ను మూడు రోజులు హైదరాబాదు పిలిచి అజైల్ పద్ధతి నేర్పించింది. అప్పటికి అది కొత్త. ఏడాది పని ఒకేసారి చేసి చివర్లో చూపించడం కాదు, పదిహేను రోజులకొక ముక్క పూర్తి చేసి, వాడే మనిషికి చూపించి, ఆయనేమంటాడో విని, తర్వాతి ముక్క మొదలుపెట్టాలి. ఆ ముక్క పేరు స్ప్రింట్. గోడ మీద మూడు వరసలు గీసి, పసుప్పచ్చ చీటీల మీద పనులు రాసి అతికించాలి: చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. రోజూ పొద్దున్న అందరూ గుండ్రంగా నిలబడి మనిషికొక నిమిషం చొప్పున మూడు సంగతులు చెప్పాలి. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డమేమిటి. నాకు ఈ మూడు ప్రశ్నలూ ఎంత నచ్చాయో చెప్పలేను. సోది లేదు. నాకు చిన్నప్పట్నించీ సోదంటే పడదు, నాది తప్ప.

రాజమండ్రి వచ్చి మా వాళ్లకి చెప్పాను. మా టీంలో పెద్దాయన ఒకరుండేవారు. పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి రిటైరై, సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన అంతా విని, "నిలబడాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవమ్మా" అని కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నారు. ఆయన కూర్చుంటే మేమెలా కూర్చుంటాం? అందరం చుట్టూ నిలబడ్డాం. హైదరాబాదులో మూడు రోజులు పాఠం చెప్పించుకున్న క్రమశిక్షణ మాకు ఆ ఒక్క కుర్చీతో వచ్చేసింది.

గోడ మీది వరసలు మాత్రం మూడు చాలలేదు. మా వైపు మనిషి "కాలేదు" అనడు. అది అమర్యాద. "అయిందా?" అని అడిగితే "అయిపోయినట్టేనండి" అంటాడు. ఆ మాట నమ్మి చీటీని చివరి వరసలోకి జరపడం, మర్నాడు వెనక్కి తేవడం, నేను అరవడం. చివరికి విసిగి నాలుగో వరస గీశాను. దాని పేరే 'అయిపోయినట్టే'. హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరు దాన్ని చూసి, "ఇదేంటండీ, పుస్తకంలో లేదే?" అన్నాడు. "పుస్తకం రాసినవాడు గోదావరి జిల్లా వాడు కాదండి" అన్నాను.

ఇంకో మార్పు కూడా చేశాం. ఈ కథంతా అక్కడే ఉంది. మొదటి స్ప్రింటు ముగిసి చెరువుల ఆసామికి చూపించాల్సిన రోజు అమావాస్య అయింది. ఫోన్ చేస్తే ఆయన, "అమావాస్య పూట కొత్త పని చూడమంటారేంటండీ మేడం గారూ? మూడ్రోజులాగి తదియ నాడు పెట్టుకుందాం, మీకూ మంచిది, మాకూ మంచిది" అన్నాడు. తర్వాత స్ప్రింటు పౌర్ణమికి వచ్చింది. ఆ రోజు ఇంట్లో వ్రతమట, మళ్లీ తదియే. నేను మండిపడ్డాను. పెద్దాయన క్యాలెండరు తీశారు. "పక్షమంటే పదిహేను రోజులేగా అమ్మా. మన ముక్కని తదియ నుంచి తదియకి పెట్టేద్దాం. ఆయన గొడవా ఉండదు, నీ గొడవా ఉండదు" అన్నారు. గోడ మీద చీటీల పక్కన తిథుల క్యాలెండరు వేలాడదీశాం. అప్పట్నించీ మా స్ప్రింటు తదియ నాడు మొదలై తదియ నాడు ముగిసేది. కంప్యూటరు పనిని చంద్రుడితో నడుపుతున్నామని నేను అందరి ముందూ వెక్కిరించేదాన్ని. లోపల మాత్రం అదొక సరదా.

ఆ నాలుగైదు నెలలు ఎలా గడిచాయో. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీలోంచి గోదావరి మీది గాలి వచ్చి చీటీలన్నీ రెపరెపలాడేవి, ఒకటో రెండో ఊడి పడేవి. "మేడం, నా పని ఎగిరిపోయిందండి" అని ఎవరో ఒకరు నవ్వేవారు. వంతెన మీద రైలు వెళ్తే అది దాటేదాకా మాటలాపి నిలబడేవాళ్లం. నా చేతిలో స్టీలు గ్లాసు, రెండో చేతిలో పెన్ను. ఎవరైనా నిమిషం దాటితే గ్లాసు మీద టింగుమని కొట్టేదాన్ని. ఆ చప్పుడుకి పెద్దాయన కూడా వాక్యం మధ్యలో ఆగిపోయేవారు. ఎంత గర్వమో నాకు.

టీంలో మొగల్తూరు అమ్మాయి ఒకతె ఉండేది. చదువైపోయి రెండేళ్లు. సన్నగా, నెమ్మదిగా ఉండేది. ప్రతి మాటకీ ముందు "మేడం, ఏం అనుకోకపోతే" అని మొదలుపెట్టేది. ఆ ఐదు సెకన్లు కూడా దాని నిమిషంలోంచే పోయేవి. వాళ్ల నాన్నగారికి మొగల్తూరులో రెండు చిన్న రొయ్యల చెరువులున్నాయని నాకు తెలుసు. తెలిసీ చెరువుల గురించి దాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. మాకు అన్నీ చెప్పాల్సింది ముప్ఫై చెరువుల ఆసామి. రెండు చెరువుల వాళ్ల అమ్మాయిని అడగడమేంటని కాబోలు నా ఉద్దేశం.

పౌర్ణమి తర్వాత వచ్చిన తదియ నాడు ఆసామికి ఆఖరి ముక్క చూపించాం. ఆయన సంబరపడి, "రేపట్నించే రెండు చెరువుల్లో పెట్టెయ్యండి. ఈ పంటకి ఇవి రెండూ మీ కంప్యూటరు చెప్పినట్టే నడుస్తాయి. గట్టు మీద మావోళ్లకి గట్టిగా చెప్పేను, కాగితంలో ఏముంటే అదే వెయ్యమని" అన్నాడు. రొయ్య బాగా ఎదిగి ఉంది. ఇంకో నెలన్నరలో పట్టుబడి, అంటే వలేసి రొయ్యనంతా పట్టి అమ్మడం. అది బాగా వస్తే మిగిలిన చెరువులూ, వాటి వెనక మా బ్రాంచీ.

తొమ్మిది రోజులు కాగితాలు చక్కగా నడిచాయి. పదో రోజు పొద్దున్న స్టాండప్‌లో మొగల్తూరు అమ్మాయి వంతు వచ్చింది.

"మేడం, ఏం అనుకోకపోతే... ఎల్లుండి అమావాస్య కదండీ. అమావాస్యకి మా నాన్నగారు..."

టింగ్.

"అమావాస్యకి మీ నాన్నగారు ఏం చేస్తారో ఇంట్లో మాట్లాడుకోమ్మా. సెలవు కావాలంటే కాగితం రాసివ్వు. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, అడ్డమేమిటి. అంతే."

అమావాస్యా, పౌర్ణమీ, తదియా. నెలల తరబడి అందరి తిథుల మీదా నాకున్న చిరాకంతా ఆ పిల్ల మీద పడింది. ముగ్గురు కుర్రాళ్లు నవ్వారు. అమ్మాయి తలొంచుకుని నిన్న చేసింది చెప్పింది, ఇవాళ చెయ్యబోయేది చెప్పింది.

"అడ్డం?" అన్నాను.

"ఏమీ లేదండి."

తర్వాతి వాళ్ల వైపు తిరిగాను.

అమావాస్య వెళ్లిన మర్నాడు పొద్దున్నే చెరువుల దగ్గర్నుంచి ఫోను. రొయ్యలు తేలిపోతున్నాయని. కంపెనీ జీపులో నేనూ మొగల్తూరు అమ్మాయీ బయల్దేరాం. దాన్నెందుకు తీసుకెళ్లానంటే, ఆ కాగితం తీసే భాగం అది రాసిందే. తప్పు దొరికితే అక్కడికక్కడే సరిచెయ్యొచ్చని.

వెళ్లేసరికి పదకొండయింది. గట్టంతా మనుషులు. అప్పటికే వలలు దింపి రెండు చెరువులూ పట్టేస్తున్నారు. బుట్టల్లో రొయ్యలు మెత్తగా, గుల్ల గట్టిపడకుండా, చేత్తో తాకితే నొక్కుకుపోయేలా ఉన్నాయి. ఇంకో నెలన్నర పెరగాల్సినవి. నీళ్లు నల్లగా, కుళ్లువాసన. గట్టు మీద పెద్ద పనివాడు నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమావాస్యకి రొయ్య పాత గుల్ల విడుస్తాదండి. రెండ్రోజులు మేత ముట్టదండి. మేవైతే సగానికి సగం తగ్గించేత్తామండి."

"మరి ఎందుకు తగ్గించలేదు?"

"ఆయ్, కాగితంలో నిండుగా ఉందండి. కాగితంలో ఉన్నదే ఎయ్యమన్నారు కదండీ. ఏసేమండి."

తినని మేతంతా అడుగున కుళ్లి, నీళ్లలో గాలి చచ్చిపోయింది. గుల్ల విడిచి నీరసంగా ఉన్న రొయ్య దాన్ని తట్టుకోలేకపోయింది. నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. నాలుగైదు నెలలు మేం అమావాస్యనీ పౌర్ణమినీ మా పనికి అడ్డం రాకుండా తప్పించుకుంటూ వచ్చాం. మేం చూపించిన ప్రతిసారీ తదియ. రొయ్య మళ్లీ హాయిగా మేత తినే రోజు. ఆఫీసు గోడ మీది క్యాలెండరులో ఆ రెండు రోజులకీ ఎర్రసిరాతో సున్న చుట్టి ఉంది. మాకు పట్టింపు ఉంది కాబట్టి మేం ఆగాం. కంప్యూటరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆసామి వచ్చాడు. కోపంగా లేడు. "ఇలా అయిందేంటండీ మేడం గారూ" అన్నాడు, ఇంట్లో మనిషికి ఒంట్లో బాగోలేదని చెప్పినట్టు.

అక్కడ నేను "పొరపాటైందండీ, సరిదిద్దుకుంటాం" అని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. నేను సంచిలోంచి కాగితాలు తీశాను. ఆయన సంతకం పెట్టిన కాగితాలు, ఆయన మాకు చెప్పిన లెక్కలన్నీ ఉన్నవి.

"ఇందులో అమావాస్య మాట ఎక్కడుందో మీరే చూపించండి."

"అది చెప్పాలా అండీ? ఇక్కడ పుట్టినోళ్లు ఎవరికైనా తెల్సిందే కదండీ."

"తెలిసింది చెప్పకపోతే మాకెలా తెలుస్తుందండీ? ప్రతి పక్షం మీ ముందుకొచ్చి చూపించాం. ఎనిమిదిసార్లు. ఒక్కసారైనా అడిగారా? అమావాస్య నాడు చూడమంటే మీరే కదా వద్దన్నారు? ఆ రోజు చూసుంటే ఆ రోజే బయటపడేది."

మధ్యలో ఒకసారి ఆగాను. పనివాడు మంచినీళ్ల చెంబు అందించాడు. తాగి, మళ్లీ అందుకున్నాను. తేదీలు చెప్పాను, సంతకాలు చూపించాను. ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటే తిప్పికొట్టాను. చుట్టూ పనివాళ్లు వలలు వదిలేసి వింటున్నారు. మొగల్తూరు అమ్మాయి నా పక్కనే, చెప్పులు బురదలో కూరుకుపోయి, మాట్లాడకుండా నిలబడింది.

చివరికి ఆసామి తల ఊపాడు. "మీరు చెప్పింది నిజమేనండి. సంతకం నాదే." కాసేపు చెరువు వైపు చూశాడు. "పొద్దెక్కింది, భోంచేసి వెళ్దురు గాని రండి."

ఇంటికి తీసుకెళ్లి అరటాకులేయించాడు. ఆయనే దగ్గరుండి వడ్డించాడు. "ముద్దపప్పులో ఇంకాస్త నెయ్యి వెయ్యమంటారా అండీ? అమ్మాయి గారికి పెరుగు వెయ్యండ్రా." జీపు దాకా వచ్చి సాగనంపాడు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ మర్యాదకి అర్థం నాకు తెలియాలి. మళ్లీ ఆయన ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే, "అలాగేనండి, చూద్దాం అండి" అన్నాడు. వాదన నేను గెలిచాను.

తిరుగు దారిలో పాలకొల్లు దాటాక అడిగాను.

"మొన్న నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

"అవునండి."

"మరి గట్టు మీద ఎందుకు చెప్పలేదు? నేను ముందే చెప్పాను, మా మేడమే విన్లేదు అని ఆయన ముందు అనొచ్చుగా?"

అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు.

"మీరు మాట్లాడుతున్నారు కదండీ" అంది.

స్ప్రింటు చివర టీం అంతా కూర్చుని, ఏం బాగా జరిగింది, ఏం బాగా జరగలేదు అని దాపరికం లేకుండా చెప్పుకోవాలి. అది కూడా ఆ పద్ధతిలో ఒక భాగమే. దానికి నేనే నిర్వాహకురాల్ని. "మనం అమావాస్యని లెక్కలోకి తీసుకోలేదు" అన్నాను.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మనం అంటే ఎవరమ్మా?" అన్నారు.

వంతెన మీద రైలు వెళ్తోంది. అలవాటుగా అందరం ఆగాం. రైలు వెళ్లిపోయాక కూడా నేను జవాబు చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. పెద్దవాళ్ల మర్యాద.

రెండు నెలలకి హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. చీటీలన్నీ పీకి అట్టపెట్టెలో వేశాం. గోడకి సున్నం వేయించి ఇల్లుగలాయనకి అప్పజెప్పాం. పెద్దాయన, "నాకెందుకమ్మా ఈ వయసులో హైదరాబాదు" అని ఇంటికెళ్లిపోయారు. ఆయన పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. కుర్రాళ్లు ముగ్గురూ నాతో వచ్చి తలో కంపెనీకి మారిపోయారు. మొగల్తూరు అమ్మాయి రానంది. కారణం అడిగితే "ఇంట్లో పనులున్నాయండి" అంది. నేనూ పొడిగించలేదు.

తర్వాత హైదరాబాదులో చాలా ఏళ్లు చేశాను. నలభై మంది టీంలు, గాజు గోడలు, మంచి మంచి బోర్డులు. స్టాండప్ సరిగ్గా పదిహేను నిమిషాల్లో ముగిసేది, నన్ను చూసి నేర్చుకోండని వేరే టీంలని పంపేవారు. నేను మాత్రం మనసులో ఏదో ఒక గాలికి చీటీ ఊడి పడుతుందేమోనని చూస్తూ ఉండేదాన్ని. ఏసీ గదుల్లో గాలెక్కడిది? కిటికీలే తెరుచుకోవు. పై అంతస్తునుంచి చూస్తే కింద ట్రాఫిక్ నదిలా ఉంటుందని ఒకామె అంది ఒకసారి. ఆవిడతో అరగంట పోట్లాడాను.

కిందటేడు రిటైర్మెంటుకి ముందుగానే ఉద్యోగం మానేసి కొవ్వూరు వచ్చేశాను. నెల తిరక్కుండా ఫోను. "మేడం, ఏం అనుకోకపోతే... మీరు వచ్చారని తెలిసిందండి. ఒకసారి మా చెరువుల మీదకి రండి." ఆ మొదటి మూడు మాటలకే గొంతు గుర్తుపట్టాను.

ముందు రోజే వెళ్లి వాళ్లింట్లో పడుకుని, పొద్దున ఆరున్నరకి గట్టు మీదకి వెళ్లాను. రెండు చెరువులు పదకొండయ్యాయి. వాళ్ల నాన్నగారు ఇప్పుడు లేరు, అన్నీ తనే చూసుకుంటోంది. నుదుటి దగ్గర జుట్టు నెరిసింది. మేత బస్తాలు పెట్టే షెడ్డు గోడకి నల్లరంగు వేసి సుద్దతో వరసలు గీసి ఉన్నాయి. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. వాటి మధ్యలో 'అయిపోయినట్టే'. అన్నిటికీ పైన పెద్ద అక్షరాలతో ఆ రోజు తిథి.

పనివాళ్లు ఎనిమిది మంది వచ్చి గుండ్రంగా నిలబడ్డారు. వాళ్లలో ముసలాయన ఒకాయన బోర్లించిన మేత డబ్బా మీద కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ కూర్చోలేదు. ఒక్కొక్కళ్లూ చెబుతున్నారు. ముసలాయన నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు గురించి మొదలుపెట్టి, మధ్యలో వాళ్ల కోడలి సంగతిలోకి వెళ్లి, అక్కడ్నించి పక్క ఊరి కాలువలోకి దిగాడు. నా వేళ్లు వాటంతటవే గ్లాసు కోసం వెతుక్కున్నాయి. అమ్మాయి వింటూ నిలబడింది. కాలువలోంచి ఆయన మళ్లీ చెరువుల దగ్గరికి వచ్చాడు. కాలువ నీళ్లలో ఏదో మందు కలిసిందట, అందుకని ఇవాళ చెరువులకి ఆ నీళ్లు పెట్టొద్దట. తను సుద్దముక్క తీసుకుని ఆ మాట గోడ మీద రాసింది.

అందరిదీ అయ్యాక నా వైపు తిరిగింది. "మీరూ చెప్పండి మేడం."

"నాదేముందమ్మా" అన్నాను. వాళ్లంతా ఎదురుచూస్తున్నారు.

చెప్పాను. వేరే ఊళ్లో ఒక గట్టు మీద, సంతకాలు చూపిస్తూ వాదిస్తున్నప్పుడు, మధ్యలో మంచినీళ్లు తాగడానికి ఆగానని చెప్పాను. దాహమై కాదని, ఎల్లుండి అమావాస్య కదండీ అన్న మాట సరిగ్గా అప్పుడే గుర్తొచ్చిందని చెప్పాను. గుర్తొచ్చాక కూడా చెంబు కింద పెట్టి మళ్లీ మొదలుపెట్టానని. అప్పటికే గెలుస్తున్నానని. పక్కన నిలబడ్డ మనిషి వైపు చూడలేదని. పెద్దాయన అడిగినప్పుడు రైలు చప్పుడు నాకు కలిసొచ్చిందని. అందులో సగం వాళ్లకి అర్థమై ఉండదు. అడ్డదిడ్డంగా, వెనకా ముందూ చూసుకోకుండా, నిమిషం దాటి, ఐదు నిమిషాలు దాటి మాట్లాడాను.

ఆమె చేతిలో స్టీలు గ్లాసు ఉంది, టీ అడుగంటింది. చెవి పైన పెన్ను దోపుకుని ఉంది. నేను చెబుతున్నంతసేపూ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.